వీసా లేటైనా, రిజెక్ట్ అయినా ఏం చెయ్యాలి: మన వైజాగ్ నుంచి ఇంట్లోవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళ కోసం

పెళ్ళయిన ఆరు నెలల్లో వచ్చేస్తుందిలే అనుకున్న వీసా ఏడాదైనా రాదు, లేదంటే అన్నీ బాగానే ఉన్నాయనుకుని ఇంటర్వ్యూకి వెళ్తే చేతిలో ఒక స్లిప్ పెట్టి పంపించేస్తారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, గాజువాక ఎటు తిరిగినా ఇలా ఎదురుచూస్తున్న ఇల్లు ఒకటైనా తగులుతుంది, మొగుడి దగ్గరికి వెళ్ళాల్సిన అమ్మాయో, పిల్లల దగ్గరికి వెళ్ళాల్సిన పెద్దవాళ్ళో. నేను లాయర్ని కాదు, కన్సల్టెన్సీ అసలే కాదు. మా చుట్టాల్లో, తెలిసినవాళ్ళలో చాలామందికి ఫారాలు నింపడం, పేపర్లు సర్దిపెట్టడం, రిజెక్ట్ అయినప్పుడు పక్కన కూర్చుని ఆ లెటర్ చదవడం చేస్తూ వచ్చాను, అందుకని ఏది పనికొస్తుందో ఏది దండగో రాస్తున్నాను. రూల్స్ తరచూ మారతాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఆ దేశం గవర్నమెంట్ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇది. లేటవడం వేరు, రిజెక్ట్ అవడం వేరు, రిజెక్ట్ అవడంలో మళ్ళీ నాలుగు రకాలున్నాయి. మీకు జరిగింది వీటిల్లో ఏదో సరిగ్గా తెలిసేదాకా కొత్తగా ఫీజు కట్టొద్దు, మళ్ళీ అప్లై చెయ్యొద్దు, ఏజెంట్ దగ్గరికి పరిగెత్తొద్దు. నేను చూసినంతలో వీసా ఆఫీసు చేసిన ఆలస్యం కన్నా మనవాళ్ళు కంగారులో చేసిన పనుల వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ముందు ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కోండి

"మీ ఫైలు ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగితే చాలామంది "ఎంబసీలో ఉందండీ" అంటారు, అది ఎంబసీకి ఇంకా చేరనే చేరి ఉండదు. అమెరికా గ్రీన్ కార్డ్ కేసు అయితే అక్కడున్న మనిషి ఐ-130 అనే కుటుంబ పిటిషన్ వేస్తాడు, అది అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసు యూఎస్‌సీఐఎస్ దగ్గర ఉంటుంది, అప్రూవ్ అయ్యాక నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్తుంది, అందరూ ఎన్‌వీసీ అంటారు. అక్కడ 325 డాలర్లు ఒకటి, 120 డాలర్లు ఒకటి ఫీజులు కట్టాలి, డీఎస్-260 అనే వీసా ఫారం నింపాలి, పిలిపించుకునే మనిషి, అంటే స్పాన్సర్, ఖర్చు నాదేనన్న హామీ పత్రం ఐ-864 ఇవ్వాలి, బర్త్, మ్యారేజ్, పోలీస్ సర్టిఫికెట్లు అప్‌లోడ్ చెయ్యాలి, ఇవన్నీ సరిపోయాయని వాళ్ళు మెయిల్ పెట్టాకే ఇంటర్వ్యూ క్యూలోకి వస్తారు. ఆ ఇంటర్వ్యూ కూడా హైదరాబాద్‌లో కాదు, మామూలుగా ముంబైలో ఉంటుంది, లెటర్‌లో ఏ ఊరు రాస్తే అక్కడికే వెళ్ళాలి. ఎన్‌వీసీ నుంచి కబురొచ్చాక ఏడాది పాటు ఏమీ పట్టించుకోకుండా వదిలేస్తే కేసు మూసేసే అధికారం వాళ్ళకుంది, అందుకని ఎదురుచూస్తున్నాం కదా అని లాగిన్ అవడం మానెయ్యకండి, రెండు మూడు నెలలకోసారైనా తెరిచి చూడండి.

అసలు మీది లేటా, లేక మీ కేటగిరీ పద్ధతే అంతా అన్నది కూడా తెలుసుకోవాలి. అమెరికా సిటిజన్ భార్యకి, భర్తకి, 21 లోపు పిల్లలకి, అమ్మానాన్నలకి సంవత్సరానికి ఇన్నే అనే లెక్క లేదు, పేపర్ల పని ఎంత కాలం పడితే అంతే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళ భార్యాపిల్లలకి లెక్క ఉంది, ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్‌లో మీ పిటిషన్ తేదీకి వంతు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఇక అన్నయ్యో అక్కో వేసిన పిటిషన్ అంటే, ఎఫ్4 అంటారు, మన ఇండియా వాళ్ళకి 2025లో కూడా 2006లో వేసినవాళ్ళ వంతే నడుస్తోంది. అది ఎవరి తప్పూ కాదు, ఏ ఏజెంటూ దాన్ని ముందుకి జరపలేడు, "మాకు లోపల మనిషున్నాడు" అని ఎవడైనా అంటే అక్కడే లేచి వచ్చెయ్యండి. ఇలాంటి కేసుల్లో పిల్లలకి 21 దాటిపోతాయేమోనన్న భయం నిజమైనదే, దానికి 2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ ఉంది, పిటిషన్ అప్రూవ్ అవడానికి పట్టిన రోజుల్ని వయసులోంచి తీసేస్తారు, ఆ లెక్క మాత్రం మంచి లాయర్ చేత చేయించండి, ఆ డబ్బు దండగ కాదు.

హెచ్4, అంటే హెచ్1 ఉద్యోగ వీసా మీదున్నవాళ్ళ భార్యాపిల్లల వీసా, దాని దారి వేరు. డీఎస్-160 ఫారం నింపి 205 డాలర్లు కట్టి, హైదరాబాద్ హైటెక్ సిటీ మెట్రో స్టేషన్లో వేలిముద్రలిచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాలి. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చే డ్రాప్‌బాక్స్ దాదాపు తీసేశారు, డిసెంబర్ 15 నుంచి హెచ్1, హెచ్4 అందరి సోషల్ మీడియా చూస్తామన్నారు, అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమన్నారు, దాంతో ఆ నెలలో డేట్లున్న ఎంతోమందికి మెయిల్ పెట్టి మార్చికి, ఆ తర్వాతికి మార్చేశారు. టికెట్లు కొనుక్కుని, ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి కూర్చున్నవాళ్ళు ఎంత నలిగిపోయారో చెప్పలేను. అందుకే నేను అందరికీ ఒకటే చెప్తాను, వీసా స్టాంప్ ఉన్న పాస్‌పోర్ట్ చేతికి రాకుండా డబ్బు తిరిగి రాని టికెట్ కొనకండి, ఉద్యోగం మానకండి, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యకండి, బంగారం అమ్మకండి.

పేర్లు, పుట్టినతేదీలు: మన దగ్గర సగం ఆలస్యం ఇక్కడే

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇది. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, తర్వాత పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా. ఆధార్‌లో ఇంటిపేరు చివర. పెళ్ళి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంక్ అకౌంట్లో అత్తింటిది. వెంకట అన్నది ఒకచోట ఉంటుంది ఒకచోట ఉండదు, లక్ష్మి స్పెల్లింగ్ మూడు రకాలుగా ఉంటుంది. మనకి ఇవన్నీ ఒకే మనిషని ఇట్టే తెలుస్తుంది, అక్కడ కూర్చున్న ఆఫీసర్‌కి మాత్రం నలుగురు మనుషుల్లా కనిపిస్తారు. కాబట్టి అప్లికేషన్ మొదలుపెట్టకముందే అన్ని కాగితాలూ ఒక మంచం మీద పరిచి, ఒక్కో దాంట్లో పేరు ఎలా ఉందో, పుట్టినతేదీ ఎంతుందో, అమ్మానాన్నల పేర్లు ఎలా ఉన్నాయో పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసుకోండి. పాస్‌పోర్ట్‌ని అసలు అనుకోండి, మిగతావి దానికి దగ్గరగా తీసుకురండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ముందు మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసులో రీఇష్యూకి పెట్టి నింపించుకోండి, లేదంటే తర్వాత ఆ ఖాళీ వల్ల అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని పడి, అక్కడ బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్స్ దగ్గర ఏళ్ళ తరబడి ఆ బాధ పడాలి. మార్చలేని వాటికి "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని నోటరీ అఫిడవిట్ చేయించి, ఏ కాగితంలో ఏ పేరు ఉందో అందులో ఒక్కొక్కటీ రాయించండి, ఊరికే ఒక లైన్ రాస్తే సరిపోదు.

అమ్మానాన్నల కేసులో ఇంకో మెలిక ఉంది. అమ్మకి పిటిషన్ వేసేటప్పుడు అడిగేది ముందుగా కొడుకు బర్త్ సర్టిఫికెట్, అందులో అమ్మ పేరు ఉండాలి కదా, చాలా పాతవాటిల్లో అమ్మని ఇంట్లో పిలిచే పేరు రాసేశారు, లేదా బిడ్డ పేరే రాయకుండా వదిలేశారు. సిటీలో పుట్టినవాళ్ళు జీవీఎంసీలో, శ్రీకాకుళం విజయనగరం వైపు పల్లెల్లో పుట్టినవాళ్ళు ఆ ఊరి పంచాయతీ రికార్డులో వెతికించాలి. రికార్డే లేదంటే ఆ లేదన్న మాటే రాతపూర్వకంగా తీసుకోండి, నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు, దాంతో పాటు స్కూల్ రికార్డు, పెద్దవాళ్ళ అఫిడవిట్లు పెట్టాలి. 1970కి ముందు పుట్టిన పెద్దవాళ్ళకి అమెరికా వాళ్ళు ఈ రకం ఆధారాలు తీసుకుంటారు. ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు కొత్తగా నమోదు చేయించాలంటే ఆర్డీవో ఆర్డర్ కావాలి. అది వారంలో అయ్యే పని కాదు, అందుకని పిటిషన్ వేసిన రోజే ఇది కూడా మొదలుపెట్టండి.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా సైట్‌లోనే అప్లై చెయ్యాలి, ఫీజు 500 రూపాయలు. పాస్‌పోర్ట్ మీద అడ్రస్ ఒకటి, ఇప్పుడుండేది ఒకటి అయితే మళ్ళీ వెరిఫికేషన్ పడుతుంది, స్టేషన్ నుంచి ఫోనొచ్చినప్పుడు ఇంట్లో ఉండండి. మనవాళ్ళు మర్చిపోయేది గల్ఫ్ సంగతి, దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఏడాది పైన ఉండి వచ్చినవాళ్ళకి అమెరికా కేసులో ఆ దేశం పోలీస్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు, కెనడాకైతే ఆరు నెలలు వరసగా ఉన్నా అడుగుతారు. ఇక్కడ కూర్చుని అది తెప్పించుకోవడం పెద్ద పని, అక్కడున్నప్పుడే తెచ్చుకున్నవాళ్ళకి ఆ బాధ ఉండదు.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకైతే ఆలస్యమంతా పెళ్ళి సర్టిఫికెట్ అటెస్టేషన్‌లోనే ఉంటుంది. యూఏఈ, కువైట్, ఖతార్‌కి అపోస్టిల్ అనే ఒక్క స్టాంపు చెల్లదు, ముందు రాష్ట్రం, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశం ఎంబసీ, ఈ వరసలోనే స్టాంపులు పడాలి. యూఏఈలో భర్త జీతం 4,000 దిర్హామ్‌లు ఉండాలి, కంపెనీ ఇల్లిస్తే 3,000 చాలు, అది లేకుండా ఎన్ని కాగితాలు పెట్టినా ఫ్యామిలీ వీసా రాదు.

పెళ్ళి నిజమేనని చూపించడం

మనది పెద్దలు కుదిర్చిన పెళ్ళి, రెండుసార్లు చూసుకుని చేసుకున్నాం, పెళ్ళయ్యాక మూడు వారాలు కలిసున్నాం, ఆయన సెలవు అయిపోయి వెళ్ళిపోయారు. మనకి ఇది మామూలే, ఆఫీసర్‌కి మాత్రం అనుమానం రావచ్చు. దీనికి అబద్ధం చెప్పక్కర్లేదు, ఉన్నదున్నట్టు చూపించాలి అంతే. పదిహేను వందల ఫొటోల ఆల్బం మోసుకెళ్ళి ప్రయోజనం లేదు. ఓ ఇరవై ఫొటోలు చాలు, నిశ్చితార్థం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, రెండు వైపుల అమ్మానాన్నలూ కలిసి నిలబడింది, సింహాచలం వెళ్ళింది, పెళ్ళయ్యాక ఆయన మళ్ళీ వచ్చినప్పటివి, ఇలా వేరువేరు తేదీలవి, వేరువేరు బట్టల్లోవి. ఒక్కోదాని కింద తేదీ, ఊరు, ఎవరెవరున్నారో రాయండి. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసుకోవద్దు, నెలకో రెండు పేజీల చొప్పున, కాల్స్ చేసుకున్నట్టు కనిపించేవి తీయండి. ఆయన పంపే డబ్బు మీ అకౌంట్లోకే వచ్చేలా చూసుకోండి, మామగారి అకౌంట్లోకి వస్తే అది మీ ఇద్దరి బంధానికి సాక్ష్యం అవదు. పాస్‌పోర్ట్‌లో, ఇన్సూరెన్స్‌లో, ఆఫీసు నామినీలో ఒకరి పేరు ఒకరు పెట్టుకోండి.

ఇంటర్వ్యూ ముందు ఇద్దరూ కూర్చుని బట్టీ పట్టకండి. ఆయన ఏం పని చేస్తారు, ఏ ఊళ్ళో ఉంటారు, ఇంట్లో ఇంకెవరున్నారు, సంబంధం ఎవరు తెచ్చారు, ఇవి మీకు మామూలుగానే తెలిసుండాలి. తెలియకపోతే ఆయన్ని అడిగి తెలుసుకోండి. ఇంగ్లీష్ రాదని భయపడే అత్తయ్యలూ పిన్నులూ ఉన్నారు, కాన్సులేట్‌లో తెలుగు మాట్లాడొచ్చా అని ముందే సైట్‌లో చూసుకోండి, రాని ఇంగ్లీష్‌లో తడబడి తప్పు చెప్పడం కన్నా మన భాషలో ధైర్యంగా చెప్పడం మేలు.

లేటవుతున్నప్పుడు ఎవరిని అడగాలి

రోజూ స్టేటస్ చూడటం వల్ల ఫైలు కదలదు, మీ నిద్ర మాత్రం పోతుంది. వారానికి ఒకరోజు పెట్టుకోండి, ఆ రోజే చూడండి. ముందు ఆ దేశం తన సైట్‌లో పెట్టిన మామూలు గడువు ఎంతో చూడండి, బయటి నుంచి వేసిన యూకే స్పౌజ్ వీసాకి 12 వారాలు అంటారు, కెనడాలో భార్యాభర్తల స్పాన్సర్‌షిప్‌కి చాలాకాలం 12 నెలలు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ గడువు దాటకముందు మెయిల్ పెడితే "ప్రాసెస్‌లో ఉంది" అని ఒక రెడీమేడ్ జవాబు వస్తుంది అంతే. దాటాక పెట్టండి, కేసు నంబర్, వేసిన తేదీ, ఇప్పుడు ఏ దశలో ఉంది, మీరడిగేది ఏంటి, నాలుగు లైన్లలో, కోపం లేకుండా.

చాలామందికి తెలియని దారి ఒకటుంది, అక్కడున్న మనిషి తన నియోజకవర్గం ప్రతినిధి ఆఫీసుకి రాయొచ్చు. అమెరికాలో కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు, యూకేలో, కెనడాలో ఎంపీ ఆఫీసు. వాళ్ళు వీసా ఇప్పించలేరు, ఫైలు ఎక్కడాగిందో మాత్రం కనుక్కుని చెప్తారు, ప్రైవసీ ఫారం మీద సంతకం పెట్టి పంపితే పని మొదలుపెడతారు, దీనికి డబ్బేమీ అక్కర్లేదు. కెనడా కేసులో జీసీఎంఎస్ నోట్స్ అని ఆఫీసర్ మన ఫైల్లో రాసుకున్న మాటలే తెప్పించుకోవచ్చు, అక్కడున్న మనిషి 5 డాలర్లు కట్టి అడగాలి, అందులో సమస్య ఏంటో తెలిసిపోతుంది.

మెడికల్‌లో ఆగిపోయేవాళ్ళున్నారు. ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనిపిస్తే కఫం కల్చర్ పరీక్షకి పంపుతారు, దానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గినవాళ్ళకి ఇది ఎక్కువ జరుగుతుంది, పాత చికిత్స కాగితాలు, కేజీహెచ్‌వో ప్రైవేట్ డాక్టర్‌వో, ముందే వెతికి పెట్టుకోండి, దాచిపెట్టకండి. వీసాలకి ఆ దేశం లిస్టులో ఉన్న డాక్టర్ దగ్గరే చేయించాలి, మన ఫ్యామిలీ డాక్టర్ సర్టిఫికెట్ చెల్లదు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదకి వస్తే, లేదా అక్కడ కాన్పు టైమ్‌కి తోడు లేకపోతే త్వరగా చూడమని అడగొచ్చు, దానికి ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద జబ్బు ఏంటో, మీరు వెళ్ళడం ఎందుకవసరమో డాక్టర్ రాసి సంతకం పెట్టాలి. కాళ్ళావేళ్ళా పడుతూ రాసే ఉత్తరం కన్నా ఆ ఒక్క పేజీ బలమైనది.

రిజెక్ట్ అయితే ముందు లెటర్ చదవండి

అమెరికా సైట్‌లో రెఫ్యూజ్డ్ అని కనిపించగానే ఏడుపు మొదలవుతుంది. ఆగండి. మీ చేతిలో స్లిప్ మీద 221(జి) అని ఉంటే అది తలుపు మూసెయ్యడం కాదు, ఇంకో కాగితం కావాలనో, లోపల ఇంకా పరిశీలించాలనో అర్థం, సిస్టమ్‌లో మాత్రం రెఫ్యూజ్డ్ అనే చూపిస్తుంది. ఏ కాగితం అడిగారో ఆ స్లిప్‌లోనే టిక్ పెట్టి ఉంటుంది, అదొక్కటే వాళ్ళు చెప్పిన పద్ధతిలో పంపండి, ఏడాదిలోపు పంపకపోతే మళ్ళీ మొదటి నుంచి ఫీజు కట్టుకోవాలి. ఏమీ అడక్కుండా అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అంటే ఆగడం తప్ప దారి లేదు, నెలలు గడిచిపోతే అప్పుడు అమెరికాలో మాండమస్ అనే కోర్టు కేసు గురించి లాయర్‌తో మాట్లాడొచ్చు.

214(బి) అంటే వేరు, మీరు తిరిగి వస్తారన్న నమ్మకం కుదరలేదని. ఇది ఎక్కువగా పెద్దవాళ్ళ విజిటర్ వీసాల్లో వస్తుంది. దీనికి అప్పీలు లేదు, ఏదీ మారకుండా వెంటనే మళ్ళీ స్లాట్ బుక్ చేస్తే అదే జవాబొస్తుంది. అదే కొడుకు గ్రీన్ కార్డ్ పిటిషన్ కూడా వేసి ఉంటే విజిటర్ వీసా ఇంకా కష్టం, ఆ సంగతి ముందే అర్థం చేసుకోండి. కెనడాలో పిల్లలున్న పెద్దవాళ్ళకైతే సూపర్ వీసా ఒక మంచి దారి, ఒకసారి వెళ్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, ఇన్సూరెన్స్ తప్పనిసరి, పిల్లల ఆదాయం చూపించాలి.

స్పాన్సర్ ఆదాయం చాలలేదంటే అది సరిచేసుకోగలిగిన కారణం. అమెరికాకి పేదరికపు గీతలో 125 శాతం ఉండాలి, చాలకపోతే అక్కడే ఉన్న ఇంకో చుట్టమో స్నేహితుడో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చు. యూకేలో 2024 ఏప్రిల్ 11 నుంచి ఏడాదికి 29,000 పౌండ్లు, అంతకుముందు 18,600 ఉండేది, ఆదాయం లేకుండా పొదుపు మీదే చూపించాలంటే 88,500 పౌండ్లు ఆరు నెలలు అకౌంట్లో ఉండాలి. ఇక్కడ మనవాళ్ళు దెబ్బతినేది అంకెల దగ్గర, పేస్లిప్‌లో చేతికొచ్చే జీతం ఎంతుందో బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో సరిగ్గా అంతే పడాలి, ఒక్క నెల స్లిప్ లేకపోయినా ఆ కారణంతోనే కొట్టేస్తారు. వెళ్ళే మనిషికి ఏ1 అనే మొదటి స్థాయి ఇంగ్లీష్ పరీక్ష, టీబీ సర్టిఫికెట్ కూడా ఉండాలి. రిజెక్ట్ అయితే 28 రోజుల్లో ట్రైబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. పోయినది చిన్న కాగితమైతే అప్పీలు నెలల తరబడి నడుస్తుంది కాబట్టి అన్నీ సరిచేసి కొత్తగా వేసుకోవడమే త్వరగా తేలుతుంది, మీ పెళ్ళినే నమ్మలేదంటే మాత్రం అప్పీలే మంచిది, ఎందుకంటే ఆ మాట ఫైల్లో అలాగే ఉండిపోకూడదు. వీసా ఫీజు తిరిగి రాదు, హెల్త్ సర్‌చార్జ్ మాత్రం తిరిగొస్తుంది, చాలామంది ఆ డబ్బు కోసం చూడరు కూడా.

కెనడా ఫ్యామిలీ స్పాన్సర్‌షిప్ కొట్టేస్తే అక్కడున్న స్పాన్సర్ 30 రోజుల్లో ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్ళొచ్చు. విజిటర్, వర్క్ పర్మిట్ లాంటివైతే ఆ అప్పీలు లేదు, 60 రోజుల్లో ఫెడరల్ కోర్టే. అక్కడ చదువుకునే భర్త, భార్య మీద ఓపెన్ వర్క్ పర్మిట్ వేసేవాళ్ళు 2025 జనవరి 21 తర్వాత వచ్చిన మార్పు చూసుకోండి, 16 నెలలు అంతకన్నా ఎక్కువున్న మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకొన్ని ప్రొఫెషనల్ కోర్సులకే ఇస్తున్నారు, చిన్న డిప్లొమాలకి ఇవ్వట్లేదు. యూకేలో కూడా 2024 జనవరి నుంచి రీసెర్చ్ కోర్సులవాళ్ళు తప్ప మామూలు మాస్టర్స్ పిల్లలు భార్యనో భర్తనో తీసుకెళ్ళలేరు, కేర్ వర్కర్లకి 2024 మార్చి 11 నుంచి ఆ దారి మూసేశారు. ఇవన్నీ తెలిసి కూడా "మేం చేయిస్తాం" అని డబ్బు తీసుకుంటున్నవాళ్ళున్నారు.

అన్నిటికన్నా ప్రమాదమైన రిజెక్షన్ అబద్ధం చెప్పారన్నది. అమెరికా దానికి జీవితకాలం అడ్డు పెట్టగలదు, యూకే పదేళ్ళు, కెనడా ఐదేళ్ళు, ఆస్ట్రేలియా మూడేళ్ళు. దొంగ బ్యాంక్ స్టేట్‌మెంట్, లేని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్, పాత రిజెక్షన్ దాచిపెట్టడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. ప్రతి ఫారంలోనూ "ఇంతకుముందు ఎక్కడైనా వీసా నిరాకరించారా" అని అడుగుతారు, ఈ దేశాలు ఒకరితో ఒకరు సమాచారం పంచుకుంటాయి, కాబట్టి అవును అని రాసి కారణం రాయండి. ద్వారకానగర్‌లోనో మరెక్కడో మీ తరఫున ఫారం ఎవరు నింపినా, పంపేముందు ప్రతి పేజీ మీరు చదవండి, మీ లాగిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి, కాంటాక్ట్ మెయిల్ మీదే అయ్యుండాలి. ఒక అమ్మాయి కేసులో ఏజెంట్ తన మెయిల్ పెట్టుకున్నాడు, అడిగిన కాగితానికి గడువు దాటిపోయాకే ఆ పిల్లకి తెలిసింది. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. డబ్బు తీసుకుని మాయమైతే ఆన్‌లైన్‌లో పంపినదానికి 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి.

ఎదురుచూసే రోజుల్లో

పెళ్ళికో పేరంటానికో వెళ్తే "ఏటమ్మా, ఇంకా వెళ్ళలేదేటి?" అని నలుగురు అడుగుతారు. వాళ్ళు ప్రేమతోనే అడిగినా గుచ్చుకుంటుంది, ఆ పిల్ల నెమ్మదిగా ఫంక్షన్లకి రావడం మానేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి చేతులు జోడించి చెప్తున్నాను, ఆ జవాబు మీరు చెప్పండి, "ప్రాసెస్ నడుస్తోంది, డేట్ వస్తే మేమే చెప్తాం" అని, ఆ అమ్మాయి మీద వదిలెయ్యకండి. కోడలు ఇంట్లో ఉంది కదా అని మొత్తం వంటపని అప్పజెప్పి, "అక్కడికెళ్ళాక ఎలాగూ సుఖమే కదా" అనడం చాలా తప్పు. పుట్టింట్లో ఉండాలా అత్తింట్లో ఉండాలా అన్నది ఆ అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి.

ఉద్యోగం ఉంటే మానొద్దు, లేకపోతే ఏదో ఒకటి మొదలుపెట్టండి, డ్రైవింగ్ నేర్చుకోండి, అక్కడ పనికొచ్చే కోర్సు చెయ్యండి. రోజూ మాట్లాడుకునే టైమ్ ఒకటి ఇద్దరూ పెట్టుకోండి, అమెరికాలో ఉన్నవాళ్ళతో అయితే మనకి పొద్దున్న వాళ్ళకి రాత్రి, ఆ కాల్‌లో సగం వీసా గురించే మాట్లాడుకోకండి. ఆయన సెలవు మీద ఇక్కడికి రావడం వీలైతే రమ్మనండి, హెచ్1 మీదున్నవాళ్ళు మాత్రం తన స్టాంపింగ్ ఇరుక్కుంటుందేమో చూసుకుని రావాలి. అలా కుదరక మధ్యలో ఏ థాయ్‌లాండ్‌లోనో పది రోజులు కలుసుకున్నవాళ్ళున్నారు, ఆ ఫొటోలు, టికెట్లు తర్వాత ఫైల్లో కూడా పనికొచ్చాయి. మధ్యలో గర్భం వస్తే, పాప పుడితే దాచకుండా కేసులో చెప్పాలి. తండ్రి అమెరికా సిటిజన్ అయి అక్కడ కనీసం ఐదేళ్ళు, అందులో 14 దాటాక రెండేళ్ళు ఉండుంటే బిడ్డకి పౌరసత్వమే రావచ్చు, దానికి బిడ్డ పుట్టిన సంగతి కాన్సులేట్‌లో రిపోర్ట్ చేయించాలి.

నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టర్‌కి చూపించండి, టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మానసిక వైద్యం చేయించుకుంటే వీసా రాదేమోనని భయపడి ఆగిపోయే పిల్లల్ని చూశాను. డిప్రెషన్‌కి మందులు వాడినంత మాత్రాన వీసా ఆగదు, మెడికల్‌లో అడిగితే నిజం చెప్పండి చాలు.

పాస్‌పోర్ట్ వచ్చిన రోజు సంతోషంలో పక్కన పెట్టెయ్యకుండా వీసా మీద పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్ట్ నంబర్, కేటగిరీ, ఆఖరి తేదీ ఒక్కొక్కటీ చూడండి, తప్పుంటే విమానం ఎక్కకముందే రాసి సరిచేయించుకోవాలి. అమెరికా ఇమిగ్రెంట్ వీసాతో పాటు సీల్ చేసిన కవర్ ఇస్తే దాన్ని తెరవకండి, 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు వెళ్ళేముందే కట్టేస్తే గ్రీన్ కార్డ్ ఆగకుండా ఇంటికొస్తుంది. మామూలుగా ఆ వీసా మెడికల్ తేదీ నుంచి ఆరు నెలలే ఉంటుంది, అందుకని మంచి రోజు కోసం మరీ దూరం చూసుకోకుండా ఆ గడువులోపే టికెట్ తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ చేతి బ్యాగ్‌లోనే పెట్టుకోండి, చెకిన్ లగేజీలో వద్దు.